ఆవు ఈసుకుపోతే రక్తపరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాలమీద బతికే ఇళ్ళలో రెండు మాటలు వినపడితే టెన్షన్ మొదలవుతుంది. ఒకటి, ఆవు కట్టు నిలవడం లేదు. రెండోది, ఏడో నెలలో ఈసుకుపోయింది, అంటే గర్భస్రావమైంది. సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన ప్రతిసారీ ఆవు మళ్ళీ ఎదకు వస్తోందంటే ఒక్కోసారికి 21 రోజులు పోయినట్టే, ఆ 21 రోజులూ దాణా ఖర్చు ఆగదు, గడ్డి ఖర్చు ఆగదు, ఈత మాత్రం వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఈసుకుపోతే దూడ పోవడంతో అయిపోదు. మాయ పడదు, గర్భసంచికి చీము పడుతుంది, పాలు సరిగా దిగవు, మళ్ళీ చూడి కట్టడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. పలమనేరు, వి.కోట, కుప్పం, బంగారుపాళ్యం వైపు వానలు మొండికేసి వేరుశనగ చేతికి రానప్పుడు ఇల్లు గడిచేది ఇంటి ముందు కట్టేసిన రెండు మూడు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర ఆవుల వల్లే. కాబట్టి ఇది పశువుల డాక్టర్లకు వదిలేసే విషయం కాదు, ఇంటి లెక్కల విషయం.

ఇప్పుడు పరీక్షల గురించి అవగాహన కొంత పెరిగింది, అది మంచిదే. కానీ ఐబీఆర్ (ఇన్ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్), బీవీడీ (బొవైన్ వైరల్ డయేరియా) అనే రెండు వైరస్ జబ్బుల కోసం రక్తం పంపించి, "ఐబీఆర్ పాజిటివ్" అని కాగితం రాగానే కారణం దొరికేసిందని, "బీవీడీ నెగటివ్" అని రాగానే గండం గడిచిందని అనుకోవడం చాలామంది చేస్తున్న పని. రెండూ తప్పు కావచ్చు. ఈ రెండు వైరస్‌లలో పాజిటివ్, నెగటివ్ అనే మాటలు దాదాపు తలకిందులుగా పనిచేస్తాయి. ఏ పశువు నుంచి, ఏ రోజున, ఏ నమూనా తీసి, అందులో దేనికోసం వెతికారు అన్నది తెలియకుండా రిపోర్టు చదివితే మంచి ఆవును అమ్ముకుని, వైరస్‌ను ఇంట్లో పెట్టుకున్నట్టు అవుతుంది.

అసలు వైరస్ దాకా వెళ్ళేముందు కొన్ని తేల్చుకోవాలి. చూడి ఆవు ఈసుకుపోయిందంటే మొదట అనుమానించాల్సింది బ్రూసెల్లాను. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. ఎక్కువగా చివరి మూడు నెలల్లో ఈసుకుపోయేలా చేస్తుంది, పైగా మనుషులకు సోకుతుంది. ఉత్త చేతులతో మాయ లాగడం, ఈసుకుపోయిన పిండాన్ని కుక్కలకు వదిలేయడం, ఆ ఆవు పాలు కాచకుండా తాగడం ప్రమాదం. రోజ్ బెంగాల్ పరీక్ష చవకగా, నిమిషాల్లో అయిపోతుంది; కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు దీని టీకా ఉచితంగానే వేస్తున్నారు. ఇంకొకటి, చూడి చివరి నెలల్లో ఉన్న ఆవుకు ఏ జ్వరానికో, కాళ్ళ వాపుకో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది పడిందా అని అడగాలి. ఆ మందు ఒక్కటే నెలలు నిండకుండా ఈనేలా చేయగలదు, దానికి ఏ వైరసూ అక్కర్లేదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు ఎండలకు హెచ్‌ఎఫ్ ఆవు ఒంట్లో వేడి పెరిగి, కట్టు నిలిచిన కొద్ది రోజులకే పిండం పోవడం మామూలే. ఖనిజ మిశ్రమం పెట్టకపోయినా, ఎద గుర్తించడంలో పూట ఆలస్యమైనా ఆవు తిరగపొర్లుతుంది, అంటే కట్టు నిలవక మళ్ళీ ఎదకు వస్తుంది. ఇవన్నీ చూశాక, ఒకే ఊళ్ళో ఒకే కాలంలో ఒకటికి మించి ఆవులు ఈసుకుపోతున్నా, మేపు, ఎండ, సూది వేసే సమయం అన్నీ సరిగ్గా ఉన్నా కట్టు నిలవకపోతున్నా, అప్పుడు వైరస్ సంగతి గట్టిగా చూడాలి.

పునరుత్పత్తిని దెబ్బతీసే వైరస్‌లు చాలానే ఉన్నాయి. గాలికుంటు వచ్చినప్పుడు తీవ్ర జ్వరానికి చూడి పోవచ్చు. 2019లో ఒడిశాలో మొదట కనిపించి 2022 నాటికి దేశమంతా వణికించిన లంపీ చర్మవ్యాధిలో ఆవులు ఈసుకుపోవడం, ఆబోతులు కొంతకాలం పనికిరాకుండా పోవడం చూశాం. కానీ వీటిని కంటితో పోల్చుకోవచ్చు, నోట్లో పుండ్లో, ఒంటినిండా గడ్డలో కనిపిస్తాయి. కంటికి దొరకకుండా మందలో తిరిగేవి రెండు, ఐబీఆర్, బీవీడీ. ఈ వ్యాసం ఆ రెండింటి గురించే.

ఐబీఆర్ హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్. ముక్కు కారడం, కళ్ళ నుంచి నీరు, దగ్గు, జ్వరం, పాలు తగ్గడం, ఇంతే కనిపిస్తుంది, వారం పది రోజుల్లో ఆవు తేరుకుంటుంది, ఇంట్లోవాళ్ళు జలుబు చేసిందనుకుంటారు. అదే వైరస్ మర్మాంగం దగ్గర పట్టుకుంటే యోని లోపలి పొర ఎర్రబడి చిన్న చిన్న తెల్లటి పొక్కులు లేస్తాయి, ఆవు తోక ఎత్తి పెట్టుకుంటుంది, మూత్రం పోసేటప్పుడు ఇబ్బంది పడుతుంది. చూడి ఆవుకైతే అసలు దెబ్బ తరవాత పడుతుంది. వైరస్ రక్తకణాల వెంట మాయ దాటి పిండానికి చేరి దాన్ని చంపేస్తుంది, ఈసుకుపోవడం ఎక్కువగా నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్యలో జరుగుతుంది. ఆవుకు జలుబు చేసిన రెండు మూడు వారాలకు కావచ్చు, మూడు నెలలకు కూడా కావచ్చు. ఈ ఎడం వల్లే రైతు ఆ రెండింటినీ కలిపి చూడలేడు. జనవరిలో ముక్కు కారింది, మార్చిలో ఈసుకుపోయింది, మధ్యలో ఆవు శుభ్రంగా మేసింది. మరి దాన్ని దీనికి ఎవరు ముడిపెడతారు?

ఐబీఆర్ అసలు మొండితనం ఇంకోటుంది. ఒకసారి సోకిన పశువులోంచి ఈ వైరస్ ఎప్పటికీ పోదు. ముఖానికి, నడుముకు సంబంధించిన నరాల ముడుల్లో దాక్కుంటుంది, అక్కడ ఉన్నంతకాలం ముక్కులో వెతికినా దొరకదు. దూర ప్రయాణం, ఈత, మేత మారడం, ఇంకో జబ్బు, ఇందాక చెప్పిన డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ సూది, ఏదో ఒకటి పశువును ఒత్తిడికి గురిచేస్తే మళ్ళీ లేచి బయటికి వస్తుంది, పక్క ఆవులకు అంటుతుంది. చింతామణి నుంచో కృష్ణగిరి నుంచో లారీలో నిలబడి వచ్చిన ఆవు దిగిన వారానికి కొట్టంలో మిగతా ఆవులకు ముక్కులు కారడం మొదలైతే, కొత్త ఆవు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తున్నా, అది మోసుకొచ్చిందని అనుమానించడానికి కారణం ఇదే.

అందువల్ల ఐబీఆర్‌లో రక్తపరీక్షను ఇలా చదవాలి. ఇక్కడ మామూలుగా చేసే యాంటీబాడీ ఎలైసా అనే ల్యాబ్ పరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, వైరస్‌కు ఎదురుగా ఒంట్లో తయారైన యాంటీబాడీలను. సోకిన వారం పది రోజులకు అవి కనిపించడం మొదలై, ఏళ్ళ తరబడి ఉంటాయి. కాబట్టి టీకా వేయని పెద్ద ఆవులో పాజిటివ్ వచ్చిందంటే అర్థం, ఎప్పుడో ఒకప్పుడు సోకింది, వైరస్ ఇంకా లోపలే దాక్కుని ఉంది, అంతే. అది ఈ మధ్య ఈసుకుపోవడానికి కారణమని మాత్రం ఆ ఒక్క కాగితం చెప్పదు. రెండేళ్ళ కింద సోకి ఉండవచ్చు, ఇప్పుడు ఈసుకుపోయింది బ్రూసెల్లా వల్ల కావచ్చు. మనదేశంలో ఐబీఆర్ 1970ల నుంచీ నమోదవుతూనే ఉంది, సంకర జాతి ఆవులున్న ప్రాంతాల్లో యాంటీబాడీలున్న పశువులు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. అంత విస్తారంగా ఉన్నదాన్ని ప్రతి నష్టానికీ కారణంగా చూపించడం సులువు, అందుకే జాగ్రత్త కావాలి.

మరి తేల్చేదెలా? ఈసుకుపోయిన ఆవులను మాత్రమే కాకుండా, అదే ఊళ్ళో మామూలుగా ఈనిన ఆవులను కూడా పరీక్షించాలి. ఉదాహరణకు లెక్క వేద్దాం. ఒక ఊళ్ళో 5 ఆవులు ఈసుకుపోయాయి, వాటిలో 4 ఐబీఆర్ పాజిటివ్. చూడగానే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అదే ఊళ్ళో చక్కగా ఈనిన 20 ఆవుల రక్తం తీస్తే 16 పాజిటివ్ వచ్చాయనుకోండి. అక్కడా ఇక్కడా ప్రతి ఐదింటిలో నాలుగే. అంటే ఆ పాజిటివ్ దేన్నీ రుజువు చేయలేదు. అలా కాకుండా ఈనిన 20లో 4 మాత్రమే పాజిటివ్ అయితే అనుమానం బలపడుతుంది, వెంటనే పిండం నుంచి, మాయ నుంచి పీసీఆర్ చేయించాలి. పిండం కాలేయంలోనో, మాయలోనో ఐబీఆర్ జన్యుపదార్థం దొరికితే అప్పుడు గట్టిగా మాట్లాడవచ్చు. ఈసుకుపోయిన ఆవు రక్తం ఒక్కటే తీసి పంపడం చాలాచోట్ల జరిగే పని, దానివల్ల డబ్బు ఖర్చవుతుంది తప్ప తెలిసేది తక్కువ.

టీకా వచ్చాక ఇంకో చిక్కు. మామూలు టీకా వేసిన ఆవుకూ యాంటీబాడీలు ఉంటాయి, సోకిన ఆవుకూ ఉంటాయి, ఎలైసాకు తేడా తెలియదు. దీనికి పరిష్కారంగా వైరస్‌లోంచి జీఈ అనే ఒక ప్రోటీన్‌ను తీసేసి చేసే మార్కర్ టీకాలు వచ్చాయి, ఈమధ్య హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా అలాంటిదాన్ని తెచ్చింది. ఈ టీకా వేసిన ఆవులో వైరస్‌లోని జీబీ అనే ఇంకో ప్రోటీన్‌కు యాంటీబాడీలు ఉంటాయి, జీఈకి ఉండవు. బయటి వైరస్ సోకిన ఆవులో రెండూ ఉంటాయి. కాబట్టి టీకా వేసిన మందలో ల్యాబ్‌ను అడగాల్సింది జీఈ ఎలైసా. ఏ టీకా, ఏ తేదీన వేశారో రాసి పెట్టుకోకపోతే ఈ తెలివంతా వృథా అవుతుంది.

బీవీడీ కథ వేరు, ఇంకా చిక్కుగా ఉంటుంది. పేరులో విరేచనాలు ఉన్నా, మందకు చేసే పెద్ద నష్టం గర్భసంచిలో. పెద్ద ఆవుకు సోకితే చాలాసార్లు ఏమీ తెలియదు, కాస్త జ్వరం, కాస్త పాలు తగ్గడం, రెండు వారాల్లో వైరస్ పోతుంది, యాంటీబాడీలు మిగులుతాయి. ఇక్కడ ఐబీఆర్‌లా దాక్కోవడం లేదు. అదే ఆవు చూడితో ఉంటే మాత్రం ఫలితం చూడి వయసును బట్టి మారిపోతుంది. కట్టు నిలిచిన తొలి వారాల్లో సోకితే పిండం కరిగిపోతుంది, ఆవు మళ్ళీ ఎదకు వస్తుంది, రైతుకు అది తిరగపొర్లడంగా కనిపిస్తుంది. మూడు నుంచి ఐదు నెలల మధ్య సోకితే దూడ చిన్న మెదడు ఎదగక తూలుతూ పుట్టవచ్చు, కంటిలో పొరతో గుడ్డిదై పుట్టవచ్చు. ఐదు నెలలు దాటాక సోకితే పిండమే పోరాడి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది, చాలావరకు మామూలుగా పుడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం, సుమారు 40వ రోజు నుంచి 120వ రోజు లోపు సోకినప్పుడు. ఆ వయసులో పిండానికి తనదేదో పరాయిదేదో తెలిసే శక్తి ఇంకా రాదు, వైరస్‌ను తన ఒంట్లో భాగంగానే ఒప్పేసుకుంటుంది. ఆ పిండం బతికి పుడితే, పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా దాని రక్తం, చొంగ, ముక్కు నీరు, పాలు, మూత్రం అన్నిట్లో వైరస్ కారుతూనే ఉంటుంది. దీన్ని నిరంతర వాహక దూడ అనవచ్చు. కొన్ని బక్కగా, రోగిష్టిగా ఉండి రెండేళ్ళలోపే పేగు పుండ్లతో పోతాయి. కొన్ని మాత్రం చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటాయి, పెయ్యలై, చూడి కట్టి, తమలాంటి దూడలనే కంటాయి. ఇలాంటి దూడ ఒక్కటి కొట్టంలో ఉంటే, మిగతా ఆవులకు ఎంత వైద్యం చేయించినా తొట్టిలో నీళ్ళు తోడుతూ పైన కుళాయి తిప్పి వదిలేసినట్టే.

పరీక్షలో మోసం జరిగేది ఇక్కడే. ఈ దూడకు ఆ వైరస్ పరాయిది కాదు కనుక దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు కావు. యాంటీబాడీ ఎలైసా చేస్తే "నెగటివ్" వస్తుంది. మందలో అన్ని ఆవులూ పాజిటివ్, ఒక్క దూడ నెగటివ్ అయితే, రిపోర్టు చదివినవాళ్ళు ఆ దూడ ఒక్కటే క్షేమంగా ఉందనుకుంటారు. నిజానికి మందకంతా వైరస్ పంచుతున్నది అదే కావచ్చు. కాబట్టి బీవీడీలో అడగాల్సింది యాంటీబాడీని కాదు, వైరస్‌ను, అంటే యాంటిజెన్ ఎలైసా గానీ ఆర్‌టీ-పీసీఆర్ గానీ. దూడ చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసి ఇస్తే చాలు. రక్తంతో చేసే యాంటిజెన్ పరీక్షకు చిన్న దూడల్లో ఇంకో అడ్డంకి ఉంది, తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు వైరస్‌ను కప్పేసి మొదటి మూడు నెలల్లో తప్పుగా నెగటివ్ చూపించవచ్చు. చెవి ముక్కతో ఈ ఇబ్బంది తక్కువ. పాజిటివ్ వస్తే మూడు నాలుగు వారాలాగి మళ్ళీ చేయాలి. రెండోసారి కూడా వస్తే అది నిరంతర వాహకం, రాకపోతే తాత్కాలికంగా సోకి తగ్గిపోయిందని అర్థం. ఈ రెండో పరీక్ష చేయించకుండా దూడను తీసేస్తే మంచి పెయ్యను పోగొట్టుకునే అవకాశం ఉంది.

స్విట్జర్లాండ్ 2008లో ఈ చెవి ముక్క పద్ధతితోనే దేశంలోని పశువులన్నిటినీ పరీక్షించింది, జర్మనీ 2011లో తప్పనిసరి చేసింది. చెవికి పోగు వేసేటప్పుడే ఆ పోగు సూది చివర ఇరుక్కున్న చర్మం ముక్క నమూనాగా వెళ్ళిపోయేలా ఏర్పాటు చేసుకున్నారు. మనదగ్గర కూడా ప్రతి పశువుకూ 12 అంకెల పసుపు పోగు వేస్తున్నారు. ఆ పోగు వేసే పూటే నమూనా తీసే వీలుంటే ఒకే ఖర్చుతో రెండు పనులవుతాయి, ఫలితం కూడా ఆ నంబరుకే ఎక్కుతుంది. పెద్ద ఎత్తున చేయగలిగితే ఇంతకు మించిన దారి లేదు.

జంట రక్తపరీక్ష గురించి కూడా ఒక మాట. ఈసుకుపోయిన రోజు ఒకసారి, రెండు మూడు వారాల తరవాత ఇంకోసారి రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగింతలు పెరిగితే కొత్తగా సోకినట్టు అని పాఠం. దగ్గు, జ్వరం వంటి వాటిలో అది బాగా పనిచేస్తుంది. కానీ ఐబీఆర్‌లో, బీవీడీలో ఆవుకు సోకింది వారాల కిందటో నెలల కిందటో, ఈసుకుపోయేనాటికే యాంటీబాడీలు పైకి చేరి ఉంటాయి, రెండో నమూనాలో పెరుగుదల కనిపించకపోవచ్చు. పెరగలేదు కనుక ఈ వైరస్ కాదు అని తేల్చేయకూడదు. ముక్కు కారుతున్నప్పుడే తీసి దాచిన రక్తం ఉంటే దాని విలువే వేరు, కానీ అప్పుడు ఎవరూ తీయించరు.

నమూనా పాడైతే ఎంత పెద్ద ల్యాబ్ అయినా ఏం చేయలేదు. యాంటీబాడీ పరీక్షకు మందు కలపని ట్యూబులో రక్తం తీసి, కదపకుండా గడ్డ కట్టనిచ్చి, పైన తేలిన సీరం వేరు చేసి పంపాలి. గడ్డతో సహా మే నెల ఎండలో కుప్పం నుంచి తిరుపతి దాకా బస్సులో బ్యాగులో పెట్టుకొస్తే ఎర్రగా కరిగిపోయి ఎలైసా తప్పు చూపిస్తుంది. వైరస్ కోసమైతే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉన్న ట్యూబులో మొత్తం రక్తం, దాన్ని ఫ్రిజ్ చలిలో ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టి మంచులా గడ్డకట్టించకూడదు. ఈసుకుపోయినప్పుడు మాయ మీద గుండీల్లా ఉండే భాగాలు, పిండం కాలేయం, ప్లీహం, మూత్రపిండం, ఊపిరితిత్తి ముక్కలు, పిండం పొట్టలోని ద్రవం, వీటిని విడివిడి డబ్బాల్లో ఐస్ మీద పెట్టి 24 గంటల్లో చేర్చాలి, ఇంకో జత చిన్న ముక్కలు 10 శాతం ఫార్మలిన్‌లో. ఐబీఆర్‌లో పిండం లోపలే చనిపోయి కొన్ని రోజులకు బయటపడుతుంది కాబట్టి కుళ్ళినట్టు ఉంటుంది, అయినా పారేయకూడదు, పీసీఆర్‌కు పనికొస్తుంది. ఇదంతా గ్లవ్స్ వేసుకుని, పశువైద్యుల సమక్షంలో. మిగిలినదాన్ని సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

ల్యాబులు మరీ దూరంలో లేవు. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అక్కడే. బెంగళూరు యలహంకలో ఉన్న పశువ్యాధుల పరిశోధన సంస్థ నివేది ఐబీఆర్ ఎలైసా కిట్లను స్వయంగా రూపొందించింది, పలమనేరు నుంచి చూస్తే బెంగళూరు కూడా దగ్గరే. అడ్డం పడేది దూరం కాదు, నమూనా ఎవరు తీయాలి, ఎవరు మోయాలి, ఒకటి రెండు ఆవుల ఇంటికి ఆ ఖర్చు ఎవరు పెట్టాలి అన్నవి. 200 ఆవుల ఫారానికి రాసిన పద్ధతులు ఇక్కడ అలాగే అతకవు. ఇక్కడ మంద అంటే ఒక ఇల్లు కాదు, ఒక ఊరు. ఒకే చెరువు గట్టున మేస్తాయి, ఒకే తొట్టిలో తాగుతాయి, సూది వేసే మనిషి ఒక్కడే, పాలు పోసే సెంటరూ ఒక్కటే.

ఆ పాల సెంటరే మొదటి పరీక్షకు సరైన చోటు. పొద్దున్నే వెన్న శాతం చూడడానికి ఎలాగూ ప్రతి ఇంటి పాలూ కొలుస్తారు, ఊరంతటి పాలూ క్యాన్లలో కలుస్తాయి. కలిసిన పాల నుంచి ఒక చిన్న సీసా తీసి యాంటీబాడీ ఎలైసా చేస్తే ఆ ఊళ్ళో ఐబీఆర్, బీవీడీ ఏ మేరకు తిరిగాయో ఒక అంచనా వస్తుంది, ఆర్‌టీ-పీసీఆర్ చేస్తే పాలిచ్చే ఆవుల్లో బీవీడీ వాహకం ఉందేమో కూడా బయటపడవచ్చు, ఎందుకంటే వాహక ఆవు పాలల్లో వైరస్ అంత ఎక్కువగా ఉంటుంది. ఒక్క సూది గుచ్చకుండా, ఒక్క ఆవును కట్టేయకుండా. ప్రతి ఆవునూ పరీక్షించే ఖర్చును, ముందు అనుమానం ఉన్న ఊళ్ళకే పరిమితం చేయవచ్చు. డెయిరీలు, పశుసంవర్ధక శాఖ కలిసి ఈ పని చేస్తే రైతుకు పైసా పడకుండా జరుగుతుంది, చేయాలి కూడా.

దీని పరిమితులు కూడా తెలియాలి. పాలు కలిసేకొద్దీ యాంటీబాడీలు పలచబడతాయి. ముఖ్యంగా జీఈ పరీక్షకు పాజిటివ్ ఆవులు పదింటిలో ఒకటి రెండు కూడా లేకపోతే కలిసిన పాలల్లో దొరకవు. వట్టిపోయిన ఆవులు, చూడి పెయ్యలు, దూడలు, ఆబోతులు పాల క్యాన్‌లో ఉండవు, బీవీడీ వాహకాల్లో ఎక్కువ భాగం దూడలే. అందుకని పాల పరీక్షతో పాటు, ఊళ్ళో 8 నుంచి 14 నెలల వయసున్న టీకా పడని దూడలు ఓ పదింటి రక్తం తీయాలి. తల్లి యాంటీబాడీలు అప్పటికి తగ్గిపోతాయి కాబట్టి, వాటిలో ఎక్కువ పాజిటివ్ వస్తే వైరస్ ఈ ఏడాదే ఊళ్ళో తిరిగిందని అర్థం. అప్పుడు వాహకం కోసం ఇంటింటా వెతకాలి.

సూది వేసే మనిషి గురించి చెప్పకపోతే కుదరదు. బీవీడీ వాహకం రక్తంలో ఎంత వైరస్ ఉంటుందంటే, ఒకే సూది రెండు పశువులకు వాడినా, ఒకే చేతి తొడుగుతో వరసగా చూడి పరీక్ష చేసినా అంటుకోగలదు. చూడి పరీక్షకు వచ్చినవారిని కొత్త తొడుగు వేసుకోమని అడగడం మర్యాద తక్కువ పనేం కాదు. వీర్యం విషయంలో, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర వైరస్ చావదు, భద్రంగా ఉంటుంది. అందుకే వీర్య కేంద్రాలకు ఆబోతుల్లో ఐబీఆర్, బీవీడీ పరీక్షలు చేయాలన్న కనీస ప్రమాణాలు పెట్టారు. గ్రేడు ఉన్న కేంద్రం నుంచి వచ్చిన స్ట్రాతో (వీర్యం నింపిన సన్నని గొట్టం) ఆ భయం తక్కువ. మూడు సూదులకూ నిలవలేదని విసిగి ఊళ్ళో ఆబోతు దగ్గరికి తోలుకుపోవడంలోనే ఎక్కువ ప్రమాదం, దానికి ఎవరూ ఏ పరీక్షా చేయించి ఉండరు.

వాహకం దొరికితే ఏం చేయాలన్నది ఇక్కడ నిజంగా కష్టమైన ప్రశ్న. ఐరోపా దేశాల్లో వెంటనే వధకు పంపారు. మనదగ్గర 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది, ఆ దారి లేదు. దాంతో రైతు చేసే పని సంతకు తోలడం. ఒక ఊరి కష్టం ఇంకో ఊరికి పోతుంది, అక్కడ మూడో నెల చూడితో ఉన్న ఆవు పక్కన దాన్ని కట్టేస్తారు. రైతును తప్పు పట్టడం న్యాయం కాదు, నష్టం మొత్తం అతనొక్కడే భరించాలంటే ఎవరైనా అదే చేస్తారు. పరిహారం ఇచ్చి ఆ పశువును విడిగా ఉంచే ఏర్పాటు లేకుండా పరీక్షలు పెంచితే, జబ్బు తగ్గడం కంటే సంతలు నిండడమే ఎక్కువ జరుగుతుంది. ఐబీఆర్ పాజిటివ్ ఆవును మాత్రం అమ్మాల్సిన పని లేదు. దాన్ని ఉంచుకుని, దూర ప్రయాణం పెట్టకుండా, స్టెరాయిడ్ సూది అవసరమైతే డాక్టరుకు ముందే చెప్పి, మిగతా ఆవులకు మార్కర్ టీకా సంగతి మాట్లాడుకుంటే పాలు పితుక్కోవచ్చు.

కొత్త ఆవును కొనేటప్పుడు విడిగా మూడు నాలుగు వారాలు కట్టేసి పరీక్షలు చేయించడం అందరూ చెప్పేదే. చూడి ఆవును కొంటే అది చాలదు. తల్లికి ఎప్పుడో బీవీడీ సోకి తగ్గిపోయి ఉంటుంది, వైరస్ పరీక్షలో శుభ్రంగా నెగటివ్ వస్తుంది, కడుపులో దూడ మాత్రం వాహకమై ఉండవచ్చు. తల్లి రక్తం ఎన్నిసార్లు పరీక్షించినా అది కచ్చితంగా తెలియదు. దానికి ఒక్కటే దారి, ఆ ఆవును విడిగా ఈననిచ్చి, దూడ పుట్టిన వారంలోపే చెవి అంచు ముక్క తీసి పంపి, ఫలితం వచ్చేదాకా ఆ తల్లీబిడ్డలను మిగతా చూడి ఆవుల దగ్గరికి రానివ్వకపోవడం.